కరెంటు పెట్టెగా బతికిన ట్యాంకు

లండన్ వాటర్లూలో రైలెక్కితే రెండు గంటలు దాటాక ఊల్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. అక్కడ దిగి బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియం దాకా నడిచాను. అది సైన్యం శిక్షణ పొందే ప్రాంతం. ట్యాంకులు రోడ్డు దాటే చోటు, జాగ్రత్త అని ఒక బోర్డు కనిపించింది. ఆవులు దాటే చోట పెట్టే బోర్డంత మామూలుగా పెట్టారు.

అందరిలాగే నేనూ వెళ్లింది టైగర్ 131 కోసమే. 1943 ఏప్రిల్‌లో ట్యునీసియాలో బ్రిటిష్ సైన్యానికి చిక్కిన జర్మన్ ట్యాంకు అది. ఫిరంగి గొట్టం కింద ఒక లోతైన గీత ఉంది. వంగి చూస్తే గానీ కనబడదు. చర్చిల్ అనే రకం బ్రిటిష్ ట్యాంకు కొట్టిన గుండు అక్కడ రాసుకుంటూ పోయి, ఫిరంగి ఉండే పైభాగం (టరెట్) తిరగకుండా బిగుసుకునేలా చేసింది. లోపలి సిపాయిలు బండి వదిలి పారిపోయారు. ప్రపంచంలో ఇప్పటికీ నడిచే టైగర్ 1 రకం ట్యాంకు ఇదొక్కటే. కానీ దాని సొంత ఇంజన్‌ను లోపలి నిర్మాణం కనబడేలా ఎప్పుడో కోసేశారు. నడిపించడానికి పెట్టింది దీని తర్వాత వచ్చిన కింగ్ టైగర్ అనే రకం ట్యాంకు నుంచి తీసిన ఇంజన్. పిడి మార్చిన కత్తి పాత కత్తేనా అనే తగువు ఇక్కడా పెట్టుకోవచ్చు. నా మటుకు నాకు ఆ గీత చాలు.

మరో హాలులో లిటిల్ విల్లీ ఉంది. 1915లో తయారైన మొట్టమొదటి ట్యాంకు నమూనా. రివెట్లు కొట్టిన ఇనుప తొట్టిలా ఉంటుంది, లోపల ఇంజన్ లేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన ట్యాంకులను ఇక్కడి మైదానంలో వదిలేశారు. 1923లో రచయిత రడ్‌యార్డ్ కిప్లింగ్ వచ్చి చూసి, వీటిని మ్యూజియంగా నిలబెట్టమని సలహా ఇచ్చాడట. అలా పోగైన వాటిలో చాలా బండ్లు రెండో యుద్ధంలో ఇనుము కొరత వచ్చినప్పుడు తుక్కు కింద కరిగిపోయాయి. దాచిన చేతులే కొలిమికి పంపాయన్నమాట. విల్లీని మాత్రం, ఇది మొదటిది కదా అని వదిలిపెట్టారు.

దాని దగ్గరే ఉన్న, యుద్ధంలోకి దిగిన తొలి రకం ట్యాంకు మార్క్ 1 కథ ఇంకా చిత్రం. దాదాపు 150 తయారైతే మిగిలింది ఈ ఒక్కటే. 1916లో హాట్‌ఫీల్డ్ అనే జమీందారీ భవనం తోటలో ట్యాంకులను పరీక్షించారు. అందుకు గుర్తుగా యుద్ధం తర్వాత ఆ దొరకు దీన్ని బహూకరించారు. దాదాపు యాభై ఏళ్లు అక్కడే ఉండిపోయింది. మ్యూజియంలో ఉన్నవి కరిగిపోతే తోటలో ఉన్నది మిగిలింది!

2013లో కట్టిన పెద్ద షెడ్డును పైనున్న గ్యాలరీ నుంచి చూడవచ్చు. బండ్లు ఒకదానికొకటి ఆనుకుని కిక్కిరిసి ఉన్నాయి. ఇది రాకముందు వీటిలో చాలా భాగం వానకు తడుస్తూ బయటే ఉండేవట. అక్కడ నీలం ఓవరాల్ తొడుక్కున్న ఒక పెద్దాయన కనిపిస్తే, తుప్పే వీటికి పెద్ద శత్రువా అని అడిగాను. "తుప్పును గీకి పారేయవచ్చు. బండి కాగితాలు పోతేనే కష్టం. ఏ దళానిదో, ఎక్కడ దెబ్బ తిన్నదో తెలియకపోతే అది ఇనుమే" అన్నాడు.

ఆ మాటకు నాకు కాలిఫోర్నియాలో జాక్ లిటిల్‌ఫీల్డ్ కూడబెట్టిన సేకరణ గుర్తొచ్చింది. వందల బండ్లు, వాటిని బాగుచేసే వర్క్‌షాపు, అంతా ఒకే మనిషి పట్టుదల. ఆయన 2009లో పోయాడు. సేకరణ ఒక సంస్థ చేతికి వెళ్లింది. వాళ్లు 80 దాకా ఉంచుకుని మిగిలినవి 2014లో వేలం వేశారు, ఆ డబ్బు కొత్త మ్యూజియానికి అని. ఆ మ్యూజియం మసాచుసెట్స్‌లో నిజంగానే తెరిచారు. తప్పు పట్టలేను. కానీ పక్కపక్కన నిలబడి ఒకదాని కథ మరొకటి చెప్పిన బండ్లు తలా ఒక ఇంటికి పోయాక, మళ్లీ ఆ వరుసను ఎవరు కూర్చగలరు?

మర్నాడు లండన్ మీదుగా కెంట్‌లోని యాష్‌ఫర్డ్ వెళ్లాను. యుద్ధ పొదుపు పత్రాలు బాగా కొన్న ఊళ్లకు 1919 నుంచి ప్రభుత్వం ట్యాంకులు కానుకగా ఇచ్చింది. 260కి పైగా ఇచ్చారు. కొన్నేళ్లకే అవి ఊళ్లకు బరువై ఒక్కొక్కటిగా తుక్కు వ్యాపారుల పాలయ్యాయి. యాష్‌ఫర్డ్‌కు వచ్చిన మార్క్ 4 రకం ట్యాంకును మాత్రం 1929లో లోపలి యంత్రాలన్నీ పీకేసి, అందులో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. ఊరికి వెలుగిచ్చే పెట్టెను తుక్కుకు ఎవరిస్తారు? అలా దక్కింది.

ఇప్పుడది నాలుగు రోడ్ల మధ్య ఒక చిన్న కప్పు కింద ఉంది. టికెట్టు లేదు, కాపలా లేదు. స్కూలు సంచి దాని పక్కన పడేసి ఒక కుర్రాడు ఫోను చూసుకుంటున్నాడు. బోవింగ్టన్‌లో దేన్నీ ముట్టుకోలేదు కాబట్టి ఇక్కడ వేలితో ఇనుప పలకను తట్టాను. డొల్లగా మోగింది. కుర్రాడు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయాడు.