ఇసుక దీవి మీద ఒక పూట

నిన్న కాకినాడ నుంచి పడవలో హోప్ ఐలాండ్‌కి వెళ్ళాం. కాళ్ళ కింద ఇసుకంతా గోదావరి మోసుకొచ్చిందే. అలలు దాన్ని ఉత్తరానికి తోసుకెళ్తూ, సుమారు 200 ఏళ్ళలో దాదాపు 16 కిలోమీటర్ల దిబ్బగా పేర్చాయి. కాకినాడ రేవుకి తుఫాను అలల నుంచి ఇదే అడ్డుగోడ.

దానికి ఉత్తరాన ఉప్పాడ. అమ్మమ్మ పుట్టిన ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది. దిబ్బ పెరిగేకొద్దీ ఇసుక ఇక్కడే ఆగిపోయి, అలల జోరు అటు మళ్ళుతోంది. ఎగువన ఆనకట్టల వెనక ఒండ్రు నిలిచిపోవడం ఇంకో దెబ్బ. బీచ్ రోడ్డుకి ఎన్ని రాళ్ళు పోసినా తుఫాను వస్తే మళ్ళీ కోతే.

తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక ఇది, నడుస్తుంటే ఎంత హాయిగా ఉందో! గుప్పెడు చేతిలోకి తీసుకున్నాక మాత్రం, అమ్మమ్మ వాకిటికి చేరాల్సిన ఇసుకేమో అనిపించి గొంతు పట్టేసింది.