ఏమీ కనబడని చోట: "శ్రద్ధత్స్వ సోమ్య"

"యం వై సోమ్యైతమణిమానం న నిభాలయసే, ఏతస్య వై సోమ్యైషోఽణిమ్న ఏవం మహాన్యగ్రోధస్తిష్ఠతి, శ్రద్ధత్స్వ సోమ్య."

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయం, పన్నెండో ఖండంలోని మాట ఇది. "నాయనా, నీ కంటికి ఆనని ఆ సూక్ష్మం ఉందే, దానిలోంచి వచ్చిందే ఇంత పెద్ద మర్రిచెట్టు. శ్రద్ధ ఉంచు నాయనా" అంటున్నాడు ఉద్దాలకుడు కొడుకుతో.

ఈ చివరి మాట దగ్గర నేను చాలా ఏళ్లు తడబడ్డాను. అప్పటిదాకా పండు తెమ్మన్నాడు, చీల్చమన్నాడు, ఏం కనబడుతోందని అడిగాడు. అంతా కంటి ఎదుటే జరిగింది. తీరా ఏమీ కనబడని చోటికి వచ్చేసరికి "నమ్ము" అనేశాడే అనిపించేది. అడిగే నోటిని మూయించడానికి పెద్దలు వాడే మాటలాగే వినబడింది నాకు. అలా వినబడటం నా చదువులోని లోపమని తెలుసుకోవడానికి ఆ అధ్యాయాన్ని మొదటినుంచి మళ్లీ మళ్లీ చదవాల్సి వచ్చింది.

ఆ కొడుకు శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగో ఏట వేదాలన్నీ చదివి వచ్చాడు. అంతా వచ్చునన్న బిగువుతో వచ్చాడని ఉపనిషత్తే చెబుతుంది. తండ్రి అతని చదువును తక్కువ చేయలేదు. ఒకే ఒక ప్రశ్న వేశాడు: దేన్ని తెలుసుకుంటే విననిది విన్నట్టు, తలచనిది తలచినట్టు, తెలియనిది తెలిసినట్టు అవుతుందో, దాన్ని గురించి అడిగావా? "ఏం నేర్చుకున్నావు" అనలేదు, "అడిగావా" అన్నాడు. పన్నెండేళ్ల చదువులో ఆ ప్రశ్నకు చోటు దొరకలేదు.

ఆ తర్వాత ఉద్దాలకుడు బోధించే తీరు చూడండి. మనస్సు అన్నమయం, అంటే తిన్న అన్నంతో ఏర్పడింది అన్నాడు. కొడుకు వెంటనే ఒప్పుకోలేదు, "ఇంకా తెలియజెప్పండి" అన్నాడు. తండ్రి వాదనకు దిగకుండా, పదిహేను రోజులు భోజనం మానెయ్యి, నీళ్లు మాత్రం కావలసినన్ని తాగు అన్నాడు. పదహారో రోజున ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమన్నాడు. "న వై మా ప్రతిభాంతి భో", అవి నాకు తోచడం లేదండీ అన్నాడు కొడుకు. పెద్ద మంటలో మిణుగురంత నిప్పుకణిక మిగిలినట్టు, నీ పదహారు కళల్లో, అంటే అంశాల్లో, ఒక్కటే మిగిలింది, వెళ్లి తిను, అప్పుడు తెలుస్తుంది అన్నాడు తండ్రి. తిని వచ్చాక అడిగినవన్నీ చెప్పగలిగాడు. వేదమంతా కంఠస్థమైనవాడికి ఆ వేదమే అందకుండా పోవడం, నాలుగు ముద్దలు తిన్నాక తిరిగి రావడం! ఈ పాఠం విన్నది కాదు, ఒంటితో తెలుసుకున్నది. శాస్త్రాన్ని పరీక్షకు పెడితే అపచారమని భయపడేవాళ్లు ఈ ఖండాన్ని ఒకసారి నిదానంగా చదవాలని నా మనవి.

ఇప్పుడు మర్రిపండు దగ్గరకు వద్దాం. పండు చీల్చాడు, అణువుల్లాంటి గింజలు కనిపించాయి. అందులో ఒక గింజను చీల్చాడు. ఏం కనబడుతోంది? "న కించన భగవః." ఏమీ లేదు స్వామీ.

ఆ పిల్లవాడి నిజాయితీ నాకెంతో ఇష్టం. తండ్రి మెప్పు కోసం ఏదో కనబడిందని అనలేదు. కనబడనిదాన్ని కనబడలేదనే చెప్పాడు. అయితే "కనబడలేదు" అనే మాటకూ "లేదు" అనే మాటకూ మధ్య ఎంత దూరం ఉంది? మన దార్శనికులు దీనిమీదే శతాబ్దాలు వాదించుకున్నారు. కంటికి, చెవికి నేరుగా అందే ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, అన్నారు చార్వాకులు. న్యాయదర్శనం వారైన నైయాయికులు అనుమానం (గుర్తును బట్టి ఊహించి తెలుసుకోవడం), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవారి మాట) కూడా కలిపి నాలుగన్నారు. కుమారిల భట్టు మార్గంలోని భాట్ట మీమాంసకులు, అద్వైతులు అర్థాపత్తిని (మరోలా పొసగదు కాబట్టి ఇలాగే ఉండాలని తేల్చడం), అనుపలబ్ధిని కూడా చేర్చి ఆరన్నారు. అనుపలబ్ధి అంటే కనబడకపోవడం వల్ల లేదని తెలియడం. కానీ దానికి గట్టి షరతు పెట్టారు: ఉండి ఉంటే కనబడి తీరవలసిన వస్తువై ఉండాలి. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే లేదనే హక్కు మనకు లేదు.

గింజలోని సూక్ష్మం కంటికి అందవలసిన వస్తువేనా? ఉద్దాలకుడు దీనికి మాటల్లో జవాబు చెప్పలేదు. పదమూడో ఖండం చదివితే జవాబు అక్కడుంది. ఈ ఉప్పును నీళ్లలో వేసి రేపు ఉదయం రా అన్నాడు. పొద్దున్నే, రాత్రి వేసిన ఉప్పు తీసుకురా అన్నాడు. వెతికాడు, దొరకలేదు. పైనుంచి ఒక గుక్క తాగు. ఎలా ఉంది? ఉప్పు. మధ్యలోంచి? ఉప్పు. అడుగునుంచి? ఉప్పు. కన్ను లేదన్నదాన్ని నాలుక ఉందంది. కన్ను అబద్ధం చెప్పలేదు, ఆ పని దానిది కాదు, అంతే.

అంటే "శ్రద్ధత్స్వ" అన్న మాట గింజకూ ఉప్పుకూ మధ్యలో పడింది. కన్ను ఆగిపోయాక, నాలుక అందుకోకముందు. ఆ ఖాళీలో లేచి వెళ్లిపోకుండా కూర్చోమన్నాడు తండ్రి. నోరు మూసుకోమనలేదు. ఆ మాట విన్న మరుక్షణమే కొడుకు "భూయ ఏవ మా భగవాన్ విజ్ఞాపయతు" అన్నాడు, నాకు ఇంకా తెలియజెప్పండి అని. తండ్రి కోప్పడలేదు. "తథా సోమ్య", అలాగే నాయనా అన్నాడు. శ్రద్ధ అంటే అడగకుండా నమ్మడమే అయితే ఈ రెండు వాక్యాలకు అక్కడ చోటు ఉండేది కాదు.

మన తెలుగు ఈ అర్థాన్ని భద్రంగా దాచుకుంది. "శ్రద్ధగా విను", "శ్రద్ధగా చెయ్యి" అంటాం. అక్కడ "నమ్మకంగా" అని పెడితే అతకదు. శంకరులు ఈ వాక్యానికి భాష్యం రాస్తూ, యుక్తితోనూ ఆగమంతోనూ (శాస్త్రవాక్యంతోనూ) విషయం నిర్ధారణ అయినా, బయటి విషయాలమీద తిరిగే మనస్సుకు అతిసూక్ష్మమైనది అందడం కష్టమనీ, శ్రద్ధ ఉంటే తెలుసుకోదలచిన దానిమీద మనస్సు కుదురుతుందనీ అంటారు. కాబట్టి యుక్తి పనిని శ్రద్ధ లాక్కోదు. ఆ శంకరులే గీతాభాష్యంలో, నిప్పు చల్లనిదని వంద శ్రుతులు చెప్పినా అది ప్రమాణం కాదన్నారు. ఇదే ఉపనిషత్తు ఏడో అధ్యాయంలో సనత్కుమారుడు నారదుడితో "నాశ్రద్దధన్ మనుతే" అంటాడు, శ్రద్ధ లేనివాడు మననం చేయడు అని. ఆలోచన ఆగిన చోట శ్రద్ధ మొదలవుతుందని మనం అనుకుంటాం. సనత్కుమారుడేమో, శ్రద్ధ లేకుండా ఆలోచనే కదలదంటున్నాడు.

ఇది రాస్తుంటే పోతన గజేంద్రుడు గుర్తుకొస్తున్నాడు. "కలఁడు కలం డనెడివాఁడు గలఁడో లేఁడో" అన్నాడు, మొసలి నోట కాలుండగా. ఆ సందేహాన్ని మనసులో నొక్కిపెట్టలేదు, పిలుపు కూడా మానలేదు. నాకు పూజలో మనసు నిలవని రోజుల్లో ఈ పాదమే తోడు. నమ్మకం నిండుగా ఉన్నప్పుడు మాత్రమే చేతులు జోడించాలంటే, నేను జోడించే రోజులు చాలా తక్కువ.

ఉద్దాలకుడి బోధ ఉన్న ఆ ఆరో అధ్యాయంలో "తత్త్వమసి", అది నువ్వే అనే మాట, తొమ్మిదిసార్లు వస్తుంది. అందులో ఎనిమిదిసార్లు విన్న వెంటనే శ్వేతకేతువు ఇంకా చెప్పమనే అడిగాడు. తొమ్మిదోసారి అడగలేదు. "తద్ధాస్య విజజ్ఞావితి విజజ్ఞావితి", అతడు తెలుసుకున్నాడు, తెలుసుకున్నాడు, అని అధ్యాయం ముగుస్తుంది. ఉపవాసం విడిచి అన్నం తిన్న రోజున కూడా ఉపనిషత్తు అతని గురించి సరిగ్గా ఈ మాటే, ఇలా రెండుసార్లే అంది.