పలుగు లేని రాయి

దేవరకొండ దిక్కు మా చెల్కల నాగలి పెడితే మట్టికన్నా ముందు పలుగురాయే (క్వార్ట్జ్) తగుల్తది. చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రి రెండు పలుగురాళ్లు రుద్దుకుంట ఆ మెరుపు చూస్కుంట కూసునేటోళ్లం, మాకు తెల్సిన జియాలజీ అంతే. గుట్ట మీద గ్రానైట్ల పెగ్మటైట్ (పెద్ద పెద్ద స్ఫటికాల రాయి) చారలు గూడ ఉంటయ్, గులాబీ ఫెల్డ్‌స్పార్ పెద్ద పెద్ద ముక్కలు, నడుమ పలుగు, పక్కకు కాకిబంగారం రేకులు. పెగ్మటైట్ అంటే గిదే అనుకున్న ఇన్నేండ్లు.

మొన్న దోస్తు ప్రకాశం దిక్కు ఏల్చూరు పోయొచ్చి ఒక బూడిదరంగు రాయి చేతుల పెట్టిండు, నెఫెలీన్ అనే ఖనిజం ఉండే నెఫెలీన్ సైనైట్ అట. "ఇండ్ల పలుగు చూపెట్టు, బిర్యానీ నాది" అన్నడు. లెన్సు పెట్టుకొని గంట దేవులాడిన, లేదు. ఉండదు గూడ, పలుగంటే ఉత్త సిలికానే, సిలికా కరువున్న మాగ్మా (కరిగిన రాయి) రసంలనే నెఫెలీన్ పుడ్తది, కొంచెం సిలికా ఎక్కువైనా దాన్ని కలుపుకొని అల్బైట్ అనే ఫెల్డ్‌స్పార్ అయిపోతది, ఇగ పలుగుగ మిగలనీకి ఏముంటది? వాడికి ముందే తెల్సు, దొంగ.

మాగ్మా చల్లారంగ చల్లారంగ ఆఖరికి మిగిలే రసంల నీళ్లు, ఫ్లోరిన్ కుప్పవడి అది పల్చగైతది, స్ఫటికాలు తక్కువ మొలుస్తయ్ గానీ మొలిచినయి మస్తు పెద్దగైతయ్. పెగ్మటైట్ పుట్టుడు గిట్లనే, మా గుట్టకూ అంతే. నెఫెలీన్ సైనైట్ అసొంటి ఆల్కలైన్ (సోడియం, పొటాషియం ఎక్కువున్న) రాళ్ల పెగ్మటైట్ల తమాషా ఏందంటే, సోడియం పొటాషియం కలిసి అల్యూమినియాన్ని దాటిపోతే జిర్కోనియం లోహం జిర్కాన్ అనే ఖనిజంగ గడ్డకట్టక చివరిదాకా కరిగే ఉండి, యూడియలైట్ అనే ఎర్రటి ఖనిజంల చేరుతది, గ్రీన్లాండ్ ఇలిమాసాక్‌ల, రష్యా లొవొజెరోల అదే కత. నార్వేల లాంగెసుండ్ కాడి దీవిల దొరికిన నల్లరాయిలకెళ్లే స్వీడన్ కెమిస్టు బెర్జీలియస్ 1829ల థోరియం బయటికి తీసిండు. కెనడా మాంట్ సెంట్ హిలేర్ అయితే ఒక్క గుట్టనే, 400కు పైగ ఖనిజాలు! మా గుట్టల నేను గుర్తువట్టినయి లెక్కవెడితే ఇంకా వేళ్లు మిగుల్తయ్.

నెఫెలీన్ పొడి యాసిడ్ల జిగురైతదని చదివి, ఆగలేక బాత్రూం కడిగే యాసిడ్ల ఏసిన. పొద్దుగూకే వరకు గ్లాసు అడుగున సగ్గుబియ్యం జావ లెక్క. అమ్మ తొంగిచూసి "గదేం రాయిరా, నానింది" అన్నది. పక్క గ్లాసుల మన చెల్క పలుగు ఏసిన, అది అట్లనే ఉన్నది, ఎర్రమట్టి మరక పోయి ఇంకింత తెల్లగైంది.