చియాంగ్ మాయ్‌కి మకాం మార్చేముందు సంక్రాంతి రోజులు లెక్కపెట్టుకోండి

బెంగళూరు అద్దెతో పోలిస్తే చియాంగ్ మాయ్ ఉన్న థాయ్‌లాండ్ చవకే. అమలాపురంలోనో పాలకొల్లులోనో సొంతింట్లో కూర్చుని పనిచేసుకునేవాళ్లకి మాత్రం కాదు. ఇంటి బియ్యం, చెరువు చేప, పెరటి కొబ్బరికాయ లెక్కేస్తే అక్కడ ఖర్చు పెరుగుతుందే గానీ తగ్గదు. అది తెలిసీ వెళ్దామనుకునేవాళ్లకే ఈ పోస్టు.

2024 జూలైలో థాయ్‌లాండ్ మొదలుపెట్టిన డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి సరిపోతుంది. 5 ఏళ్లు చెల్లుతుంది, దిగిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. 20 ఏళ్లు నిండి ఉండాలి. ఖాతాలో 5 లక్షల బాట్లకు సరిపడా సొమ్ము చూపించాలి, బాటు రూ.2.70 అనుకుంటే 13.5 లక్షలు. ఆ డబ్బు అక్కడికి పంపక్కర్లేదు, ఇక్కడుంటే చాలు. కాకపోతే వారం ముందు బావమరిది దగ్గర తెచ్చి వేసింది స్టేట్‌మెంట్‌లో ఇట్టే తెలిసిపోతుంది. రొయ్యల పట్టుబడి డబ్బు ఒక్కసారే పడి ఉంటే కొన్నవాళ్ల బిల్లు జతచేయండి. విదేశంలో ఉండి పనిచేసుకోవచ్చని కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం కూడా కావాలి. మేనేజర్ నోటిమాట పనికిరాదు.

అసలు చిక్కు రోజుల దగ్గరే. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉంటే రెసిడెంట్ (పన్ను లెక్కలో ఇక్కడి నివాసి) కిందే పన్ను కట్టాలి. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 28కి 181 రోజులు. ఆ రోజు విమానం ఎక్కినవాళ్లు పండక్కి వచ్చారంటే, భీమవరం కోళ్ల బరి మొహం చూడకముందే రెసిడెంట్ అయిపోతారు. పండక్కి పది రోజులు, ఏదో ఒక పెళ్లికి నాలుగు రోజులు పక్కన పెట్టుకుంటే సెప్టెంబర్ 14 దాటకూడదు. పైగా ఈ 182 లెక్క ఉద్యోగం కోసం దేశం దాటినవాళ్లది. ఇండియా కంపెనీ పనే చేసుకుంటూ డీటీవీ మీద వెళ్తే అది ఉద్యోగం కోసం వెళ్లడం కాదని అధికారి అనొచ్చు. అప్పుడు, గత నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడున్నవాళ్లకి 60 రోజులకే రెసిడెంట్ ముద్ర పడుతుంది. టికెట్ కొనకముందే ఆడిటర్ గారిని కలవండి.

అటుపక్క జనవరి నుంచి డిసెంబరు లోపు 180 రోజులుంటే థాయ్‌లాండ్ పన్ను పరిధిలోకి వస్తారు. 2024 నుంచి సంపాదించి అక్కడికి తెప్పించుకున్న సొమ్ము మీద పన్ను ఉంది.

ఇల్లు తీసుకుంటే మామూలుగా రెండు నెలల అడ్వాన్సు, ఒక నెల అద్దె ముందే ఇవ్వాలి. కరెంటు యూనిట్ ఎంతో అగ్రిమెంటులో రాయించుకోండి, యజమాని 7, 8 బాట్లు వేయడం మామూలే. మీరు దిగిన 24 గంటల్లో ఆయన టీఎం30 (విదేశీయుడు తన ఇంట్లో ఉంటున్నాడని ఇమిగ్రేషన్‌కి తెలిపే ఫారం) నమోదు చేయాలి. అది లేకపోతే ఇమిగ్రేషన్ ఆఫీసులో మీ పని ఆగుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చియాంగ్ మాయ్‌లో పొగ. దాళ్వా కోతలయ్యాక మన చేలల్లో గడ్డి తగలబెట్టిన నాటి పొగ వారాల తరబడి కదలకుండా ఉంటే ఎలా ఉంటుందో అలా.

బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్‌కి రోమింగ్ ఇక్కడుండగానే ఆన్ చేయించండి, రీఛార్జ్ ఆపొద్దు. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో దూరదు, అడాప్టర్ పట్టుకెళ్లండి.

ఇక షిఫ్టు. న్యూయార్క్ టీముతో పనిచేసేవాళ్లకి ఇక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నరకు మొదలై రెండున్నరకు అయిపోయే డ్యూటీ అక్కడ రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 4 దాకా. చలికాలంలో 5 అవుతుంది. లండన్ వాళ్లతో అయితే వేసవిలో మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11, అది పర్లేదు.