కోటగోడ మీది మయూరశిఖ

పువ్వూ విత్తనమూ లేని ఫెర్న్ మొక్క అనగానే మా ఇంటర్ పిల్లలకు ఊటీ గుర్తొస్తుంది. చల్లటి నీడ, కారే నీళ్లు, బారెడు ఆకులు. బోటనీ చెప్పే నాకు అందుకే మయూరశిఖ అనే ఫెర్న్ అంటే కాస్త పక్షపాతం. మే నెలలో చెయ్యి పెడితే కాలే భువనగిరి బండ మీద కూడా సందు దొరికితే చాలు, వేరూనుకుంటుంది.

శాస్త్రీయనామం ఆక్టినియాప్టెరిస్ రేడియాటా. చాలావరకు వేలెడంతే ఉంటుంది, పెద్దదైతే జానెడు. సన్నని గట్టి కాడ కొసన ఆకు నెమలి పురి విప్పినట్టు ఉంటుంది. రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ రెండేసిగా చీలి, చివరికి సన్నటి పోగులవుతాయి. ఒక పోగును తిప్పి భూతద్దం పెట్టి చూడండి. అంచులు లోపలికి మడిచి ఉంటాయి. విత్తనాలకు బదులు మొలిచే దుమ్ములాంటి సిద్ధబీజాలు తయారయ్యేది ఆ మడత కిందే.

ఎండలు ముదిరితే ఆకులు ముడుచుకుని మట్టిరంగుకు తిరుగుతాయి. నలిపితే పొడైపోతాయి. ఒంట్లో నీళ్లు అంతగా ఇంకిపోతే మామూలు మొక్క ఇక లేవదు. ఇది లేస్తుంది. తొలకరి పడ్డాక విచ్చుకునేది కొత్త చిగురు కాదు, ఎండిన ఆ ఆకే. పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు తలూపుతారు గానీ నమ్మరు. వాన వెలిశాక గోడ దగ్గరికి తీసుకెళ్తే నమ్ముతారు. కొండ గుళ్ల దగ్గర సంజీవని అని అమ్మే ఉండలు ఇవేనా అని ఎవరో ఒకరు అడుగుతారు. కావు, అది సెలాజినెల్లా అనే వేరే మొక్క. అసలు ఫెర్నే కాదు.

ఇంత ఎండకు ఓర్చేదానికీ సంతానం కావాలంటే తడి తప్పదు. సిద్ధబీజం మొలిచి ముందు గోరంత కూడా లేని పచ్చటి రేకు అవుతుంది. దాని మీద పురుషబీజకణాలు నీటిపొరలో ఈది అండాన్ని చేరాలి. రాతి పగుల్లో వానాకాలం నిలిచే చెమ్మ దానికి సరిపోతుంది.

నా బాధల్లా పాత గోడలు శుభ్రం చేసేవాళ్లతోనే. పచ్చగా కనిపించిందల్లా గీకేస్తారు. రావి మొలకను మొదలంటా పీకాల్సిందే, దాని వేరు లావెక్కి గోడను చీలుస్తుంది. మయూరశిఖ వేరు ఎంత, దాని బలమెంత? సున్నం సందులో పట్టెడు మట్టిని పట్టుకుని ఉంటుంది, అంతే. పని మొదలయ్యే ముందు ఈ రెండు మొక్కలూ పక్కపక్కన పెట్టి చూపించే మేస్త్రీ ఒక్కడుంటే చాలు.