మన్ననూరులో టైరు పోయింది

శ్రీశైలం గురించి రాద్దామనే కూర్చున్నాను. క్యూలో నాలుగు గంటలు నిలబడ్డం తప్ప అక్కడ చెప్పడానికేం లేదు. కథంతా దారిలో, నల్లమల అడవి మొదట్లో ఉన్న మన్ననూరు దగ్గర ఆగిన రెండు గంటల్లోనే ఉంది.

ఏప్రిల్ ఎండ. చెక్‌పోస్టుకు కాస్త ముందు బస్సు టైరు పోయింది. చూస్తే స్టెప్నీలోనూ గాలి లేదు. మధ్యాహ్నమే కాబట్టి రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూసేస్తారన్న టెన్షన్ లేదు, దాహం ఒక్కటే. పక్కన బండి మీద 'నన్నారి షర్బత్' అని బోర్డు. గ్లాసు 40 రూపాయలు! తాగితే అంతా చక్కెర, పైన ఏదో ఎసెన్సు. దేవరకొండలో మా నాయనమ్మ చేసిన షర్బత్ తాగి పెరిగినవాణ్ణి, ఇదెట్లా దిగుతుంది? ఆ షర్బత్‌కు వేరు ఇచ్చే సుగంధిపాల తీగ మా దడి మీదే ఉండేది. సన్నటి ఆకు, నడుమ తెల్లచార, తుంచితే పాలు. ఎండలకు తీగ మాడిపోయినా వానలు పడగానే వేరు నుంచి మళ్లీ లేచేది.

పైకే గొణిగానేమో, చెట్టు కింద గోనెసంచి పరుచుకున్న చెంచు అవ్వ నవ్వింది. ముందర తేనె సీసాలు, వేర్ల కట్ట.

"సుగంధిపాలేనా అవ్వా?"

"కాదు బిడ్డా, మారేడు గడ్డ. గది సన్నగ తీగ లెక్కుంటది, గిది బొద్దుగ."

వాసన మాత్రం అచ్చం అదే. రెండిటినీ నన్నారి అనే అమ్ముతారు కాబట్టి ఇన్నేళ్లూ ఒకటే అనుకున్నాను. ముక్క విరిచి ఇస్తే నమిలాను. ముందు తియ్యగా, తర్వాత నాలుక జివ్వుమంది.

"ఒక్క తీగకు పక్క వేర్లు రెండే తియ్యాలె. నడిమిది ముట్టద్దు, మన్ను గప్పి రావాలె. మా చిన్నప్పుడు మా పెంట, గదే మా చెంచు గూడెం, పక్కనే దొరికేది. ఇప్పుడు పొద్దుగూకేదాంక తిరగాలె. బయటోళ్లు వచ్చి మొదలంటా పీక్కపోతున్నరు."

ప్రపంచంలో అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో ఈ మారేడు గడ్డ కూడా చేరిందని తర్వాత చదివాను.

అరకిలో 200 అంది. చక్కెర నీళ్లకు నోరెత్తకుండా 40 ఇచ్చినవాణ్ణి, ఇక్కడ మాత్రం బేరమాడాను. అవ్వ రూపాయి కూడా తగ్గలేదు. డబ్బులు కొంగున ముడేసుకుంటూ, "మరగబెట్టకు, వాసన పోతది. నడుమ పుల్ల తీసేసి దంచి, వేడినీళ్లల్ల రాత్రంత నానెయ్యి. మూత పెట్టు" అంది.

నాయనమ్మ కూడా గిన్నె మీద పళ్లెం బోర్లించి, పైన రోకలిబండ పెట్టేది. బల్లి పడకుండా అనుకునేవాణ్ణి!

ఇంటికొచ్చాక అట్లాగే నానేశాను. పొద్దున వడగట్టి, బెల్లం పాకం కలిపి, నిమ్మరసం పిండి ఇస్తే మా అబ్బాయి ఒక గుక్క తాగి అడిగాడు: "బాగుంది నాన్నా, ఏ ఎసెన్సు వేశావు?"