శత్రువు చేతిలో ఉన్న పొలానికి పదిహేడు తులాల వెండి

“నేను ఎవర్నీ చంపలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. నాకెందుకయ్యా ఈ రక్షణ?” గృహ కూడికల్లో ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మన ప్రసంగీకులు వెంటనే పాపాల చిట్టా విప్పుతారు. అబద్ధమాడలేదా, ఒకరిని చూసి కుళ్లుకోలేదా, మనసులో చెడ్డ తలంపు రాలేదా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆయన తల దించుకోగానే పని అయిపోయిందనుకుంటారు. ఆయన అడిగింది మాత్రం అలాగే ఉండిపోతుంది. ఒక అబద్ధానికీ, ఒక అసూయకూ దేవుని కుమారుడు సిలువ ఎక్కాల్సి వచ్చిందా? తప్పు నేను చేస్తే క్షమించానని ఒక్క మాట అంటే సరిపోదా?

రోమా 3:23 మనలో చిన్నపిల్లకు కూడా నోటికొచ్చు. “అందరును పాపముచేసి” అని మొదలుపెట్టి “మహిమను పొందలేక పోవుచున్నారు” దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అక్కడితో ఆపేస్తారు. ఆ వాక్యం అక్కడ ముగియలేదు. 24వ వచనంలో పౌలు “క్రీస్తుయేసునందలి విమోచనము” అన్నాడు. ఆ విమోచనం ఏమిటో తెలియాలంటే లేవీయకాండము 25వ అధ్యాయం తెరవాలి. అదేమో పొలాల గొడవ, బానిసల గొడవ అని మనం పేజీ తిప్పేస్తాం. సువార్తకు పునాది వేసింది ఆ పొలాల గొడవలోనే.

ఆ అధ్యాయంలో దేవుడు మొదట తేల్చింది భూమి ఎవరిదన్నది. “భూమిని శాశ్వత విక్రయము చేయకూడదు. ఆ భూమి నాదే.” ఇశ్రాయేలీయుడు అమ్మగలిగింది పొలాన్ని కాదు, సునాద సంవత్సరం (అమ్ముకున్న పొలాలు సొంతవాళ్లకు తిరిగొచ్చి, దాసులు విడుదలయ్యే యాభయ్యో ఏడు) వచ్చేదాకా దాని మీద పండే పంటల్ని. అందుకే ధర కూడా ఏళ్ల లెక్కన కట్టమన్నాడు. ఇంకా ఎన్నేళ్లున్నాయో చూసి, ఎక్కువ ఏళ్లుంటే ఎక్కువ, తక్కువ ఏళ్లుంటే తక్కువ.

తర్వాత మనిషి సంగతి. ఒకడు బీదవాడైపోయి, అన్నీ అయిపోయాక, తన దగ్గర కాపురమున్న పరదేశికి తన్నుతానే అమ్ముకున్నాడనుకోండి (25:47). వాడికీ ఇదే లెక్క. ఉదాహరణకు సునాదానికి ఇంకా 30 ఏళ్లుండగా 60 తులాల వెండికి అమ్ముడుపోయాడు. అంటే ఏడాదికి 2 తులాలు. పదేళ్లు చాకిరీ చేశాక విడిపించాలంటే మిగిలిన 20 ఏళ్లకు 40 తులాలు యజమానికి ముట్టాలి. ఒక్క తులం తగ్గినా వాడు కదలడానికి వీల్లేదు. ఆ 40 ఎవరు కట్టాలో కూడా వరసలో రాసి ఉంది: అన్నదమ్ముడు, లేకుంటే తండ్రి అన్నదమ్ముడు, లేకుంటే వాళ్ల కొడుకు, ఆ తర్వాత వంశంలో దగ్గరి రక్తసంబంధి ఎవడైనా.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అమ్ముడుపోయినవాడు దుర్మార్గుడని ఆ వచనం అనలేదు. మంచివాడే కావచ్చు. యజమాని దగ్గర నమ్మకంగా పనిచేస్తూ ఉండొచ్చు, పక్కవాడికి సాయం చేస్తూ ఉండొచ్చు. వాడి మంచితనం వాడి ధరలో ఒక్క తులాన్ని కూడా తగ్గించదు. “పాపము చేయు ప్రతివాడును పాపమునకు దాసుడు” అని ప్రభువు యోహాను 8లో అన్నది ఈ అర్థంలోనే. నువ్వు ఎంత చెడ్డవాడివన్నది అక్కడ లెక్కలోకే రాదు. నువ్వు ఎవరి చేతిలో ఉన్నావు అన్నదే లెక్క. గృహ కూడికలో అడిగిన ఆ పెద్దమనిషికి చెప్పాల్సిన జవాబు ఇది.

నిజాయితీగా చదివితే 49వ వచనం చివర ఒక వెసులుబాటు కూడా ఉంది. వాడికే స్తోమత కలిగితే తన్నుతాను విడిపించుకోవచ్చు. ధర్మశాస్త్రం ఆ దారి మూయలేదు. దాన్ని మూసింది 49వ కీర్తన. “ఎవడును ఏ విధముచేతనైనను తన సహోదరుని విమోచింపలేడు” అని చెప్పి, ప్రాణవిమోచన ధనము బహు గొప్పది, అది ఎన్నటికీ తీరదు అంటాడు కీర్తనకారుడు. వెండికి అమ్ముడుపోయినవాడు వెండి కూడబెట్టి బయటపడగలడు. ప్రాణం తాకట్టులో ఉన్నవాడు ఏం కూడబెడతాడు? “పాపమువలన వచ్చు జీతము మరణము.” వాడు పోగేసేది కూడా ఆ యజమాని ఇచ్చే జీతమే కదా!

మన నెల్లూరు, ఒంగోలు పల్లెల్లో ప్రామిసరీ నోటు తెలియని ఇల్లుండదు. లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే మూడేళ్లకు వడ్డీ 72,000. మూడేళ్లు దాటితే నోటు కాలదోషం పడుతుంది కాబట్టి అప్పిచ్చినాయన ముందే వచ్చి నోటు తిరగరాయించుకుంటాడు. ఈసారి అసలు 1,72,000. ఇంకో మూడేళ్లకు అదే వడ్డీ మీద 2,95,840. కొత్త నోటు మీద సంతకం పెట్టిన రోజు రాత్రి కొంచెం నిద్ర పడుతుంది, నిజమే. అప్పు మాత్రం ఒక్క రూపాయి తీరలేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఏటేటా కన్నీళ్లతో మనం చేసే తీర్మానాలు చాలామట్టుకు ఈ తిరగరాతలే. వచ్చే ఏడాది బాగుంటాను ప్రభువా అంటాం. పాతది అసల్లో కలిసిపోతుంది.

ఈ నోటు వ్యవహారంలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇంకొకటుంది. డబ్బు పైసాతో సహా కట్టేస్తారు, నోటు మాత్రం వెనక్కి తీసుకోరు. “ఎక్కడో బీరువాలో ఉంది, రేపిస్తాలే” అంటే సరేనని వచ్చేస్తారు. రెండేళ్లకు కోర్టు నోటీసు వస్తుంది. కొలొస్సయులకు 2:14లో పౌలు సరిగ్గా ఈ కాగితం దగ్గరే ఆగాడు. మనకు విరోధంగా ఉన్న ఆ పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టాడు, దాని మీది చేవ్రాతను తుడిచివేశాడు, మనకు అడ్డం లేకుండా ఎత్తివేశాడు. క్షమించానని మాట చెప్పి కాగితం దాచుకోలేదు. “ఒక్క మాట అంటే సరిపోదా” అన్నవారికి పౌలు జవాబు అది. మాట చాలదు, పత్రం పోవాలి. పత్రం పోవాలంటే సొమ్ము ముట్టాలి.

ఆ సొమ్ము బంధువే కట్టాలన్న నియమం దగ్గరకు మళ్లీ వద్దాం. సునాద సంవత్సరం రాకముందు విడిపించే హక్కు రక్తసంబంధానిది. దేవదూతకు మనతో బంధుత్వం లేదు. ప్రభువు స్త్రీ గర్భాన పుట్టడం క్రిస్మస్ నాటికలో పశువుల పాక కట్టడానికి కాదు, ఈ వరసలో నిలబడడానికి. పిల్లలు రక్తమాంసాలు గలవారు కాబట్టి ఆయన కూడా రక్తమాంసాలలో పాలివాడయ్యాడని హెబ్రీ 2:14. ఆ పక్క వచనంలోనే జీవితకాలమంతా దాస్యంలో ఉన్నవారిని విడిపించడానికని కారణం కూడా రాసి ఉంది.

బంధువైతే చాలదు, విడిపించడానికి ఒప్పుకోవాలి కూడా. రూతు 4లో, విధవరాలైన రూతును విడిపించిన బోయజు కన్నా దగ్గరి బంధువు ఒకడున్నాడు. ఊరి గుమ్మం దగ్గర పదిమంది పెద్దల ముందు పొలం అనగానే సరే అన్నాడు. రూతును కూడా చేసుకోవాలి, చచ్చినవాడి పేరు నిలబెట్టాలి అనగానే నా స్వాస్థ్యం పోతుందేమోనని, హక్కు వదులుకున్న గుర్తుగా చెప్పు తీసి ఇచ్చేశాడు. ఆ మనిషి పేరు గ్రంథంలో లేదు. ఇంకొకడి పేరు నిలబెట్టడానికి వెనకాడినవాడి పేరే నిలవలేదు.

యిర్మీయా 32 దగ్గర మాత్రం కాస్త కూర్చోవాలి. సిద్కియా ఏలుబడిలో పదో ఏడు. బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ ముట్టడి దిబ్బలు వేసింది. ఊళ్లో కరువు, తెగులు. ప్రవక్త యిర్మీయా బందీగృహ శాలలో ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం కొను, విడిపించే బంధువు వంతు నీదే అన్నాడు. అనాతోతు యెరూషలేముకు కూతవేటు దూరం. నగరాన్ని ముట్టడించినవాళ్లు చుట్టుపక్కల పల్లెల్ని వదులుతారా? ఆ పొలంలోకి యిర్మీయా అడుగు పెట్టలేడు, గింజ చల్లలేడు. రేపు అక్కడ ఎవరుంటారో తెలియదు. రియల్ ఎస్టేటు తెలిసిన మనవాడెవడైనా అయితే ఆ బేరానికి నవ్వి పంపేస్తాడు.

యిర్మీయా కొన్నాడు. ఎలా కొన్నాడో చూడండి. పదిహేడు తులాల వెండి త్రాసులో తూచాడు. క్రయపత్రం రాశాడు, ముద్ర వేశాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసింది ఒకటి, తెరిచి ఉన్నది ఒకటి, రెండు పత్రాలనూ నేరియా కొడుకు బారూకు చేతికి అందరి కళ్ల ముందు ఇచ్చాడు. చాలా కాలం పాడవకుండా ఉండాలని మట్టి కుండలో పెట్టమన్నాడు. ఊరు కాలిపోబోతుంటే ఇంత పద్ధతిగా రిజిస్ట్రేషను! అంతా ముగిశాక మాత్రం ప్రార్థనలో దేవుణ్ణి అడిగాడు: పట్టణం కల్దీయుల (బబులోనువాళ్ల) చేతికి పోతోంది, నన్నేమో వెండి ఇచ్చి పొలం కొనమన్నావేమిటి ప్రభువా అని. ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ మళ్లీ కొనబడతాయని ఆయన ముందే చెప్పాడు. యిర్మీయా ఆ మాట నమ్మి డబ్బు కట్టాక దానికి అర్థం అడిగాడు.

మనం బాగుపడ్డాక, మనలో కాస్త సారం కనపడ్డాక క్రీస్తు కొన్నాడా? “మనమింకను పాపులమై యుండగానే” అని రోమా 5:8. సైన్యం దిగి ఉన్నప్పుడే తూచి ఇచ్చాడు. తూచింది వెండి కూడా కాదు. “వెండి బంగారములవంటి క్షయ వస్తువులచేత” కాదని పేతురు స్పష్టంగా రాశాడు. నిర్గమ 21:32 ప్రకారం ఎద్దు పొడిచి చంపిన దాసునికి కట్టే వెల 30 తులాలు. ప్రభువును అప్పగించిన ఇస్కరియోతు యూదా చేతిలో పడ్డవీ 30 వెండి నాణేలే. దాసుల్ని విడిపించడానికి వచ్చినవాణ్ణి దాసుని వెలకే అమ్మారు.

ఇంకొక చిన్న ముడి ఉంది. సునాద సంవత్సరపు బూర ఎప్పుడూదాలి? సంవత్సరారంభాన కాదు. ఏడో నెల పదో రోజున, ప్రాయశ్చిత్తార్థ దినాన (లేవీయకాండము 25:9). ప్రధాన యాజకుడు రక్తం తీసుకుని అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లే రోజే విడుదల చాటింపు. అపరాధం కడగకుండా విడుదల లేదు. నజరేతు సమాజమందిరంలో ప్రభువు “చెరలోనున్న వారికి విడుదలను” అని చదివి కూర్చున్నప్పుడు ఆ బూర ఆయన చెవిలో మోగుతూనే ఉండి ఉంటుంది.

ఇదంతా పట్టించుకోకుండా మన సాక్ష్యాలు ఎలా తయారయ్యాయో చూడండి. “రక్షణ పొందాను, బాబుకు వీసా వచ్చింది.” “రక్షణ పొందాను, బోరులో నీళ్లు పడ్డాయి.” దేవుడు వీసా ఇవ్వడని కాదు, నీళ్లు ఇవ్వడని కాదు. అది రక్షణ కాదు. రేపు వీసా రద్దయితే రక్షణ పోయిందంటారా? ఈ గడ్డ మీది తొలి తరం దీన్ని మనకన్నా బాగా గ్రహించింది. ధాత కరువు (1876-78 నాటి పెద్ద కరువు) నాళ్లలో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు. అన్నం కోసం నీళ్లలో దిగారన్న మాట రాకూడదని. కూలి ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వెట్టి చాకిరీ తెలిసినవాళ్లకు ఒకడి చేతిలో ఉండడమంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. వాళ్ల ముందు పెట్టిన షరతులు కూడా తేలికవి కావు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మొదటి షరతు ఒక్కటి చాలు, ఆసామితో తగవు రావడానికి.

సంఘ పెద్దలారా, బాప్తిస్మానికి పేరు ఇచ్చిన వ్యక్తిని ఇంటర్వ్యూలో ఆదాము ఎన్నేళ్లు బతికాడని అడగకండి. మూడు అడగండి. ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఉన్నావు? నీ అంతట నువ్వు ఎందుకు బయటపడలేకపోయావు? నీ వెల ఎవరు, దేనితో కట్టారు? జ్వరం తగ్గింది కాబట్టి వచ్చానంటే కోప్పడకండి, వెనక్కీ పంపకండి. లేవీయకాండము 25, యిర్మీయా 32, కొలొస్సయులకు 2 కూర్చోబెట్టి చదివించండి. చదువు రానివారికి చదివి వినిపించండి. నది దగ్గర తొందరేం లేదు, వచ్చే నెలా నీళ్లుంటాయి.

బల్ల ఆదివారం (ప్రభువు రాత్రి భోజనం తీసుకునే ఆదివారం) విషయం కూడా అడగక తప్పదు. రొట్టె విరిచేటప్పుడు “నీ రక్తమిచ్చి, దేవుని కొరకు మనుష్యులను కొని” అని ప్రకటన 5:9 చదువుతాం. అదే వరసలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఇంకొకరి దగ్గర మూడు రూపాయల వడ్డీకి అప్పు తీసుకుని ఉంటారు. అదే లేవీయకాండము 25లో, అమ్ముడుపోయినవాడి సంగతికి పదకొండు వచనాల ముందే, బీదవాడైన నీ సహోదరుని దగ్గర వడ్డీ తీసుకోకూడదని 36వ వచనంలో రాసి ఉంది. ఎందుకు తీసుకోకూడదో 38లో ఉంది: ఐగుప్తులోనుండి మిమ్మల్ని రప్పించింది నేనే అని. విడిపించబడినవాడు ఇంకొకణ్ణి కట్టేయకూడదు. ఈ నెల బల్లకు ముందు శనివారం రాత్రి పుస్తకం తీయండి. సంఘంలోవాళ్ల నోట్లు ఎవరెవరివి ఉన్నాయో చూడండి. ఇప్పటిదాకా ముట్టిన వడ్డీని అసల్లో చెల్లు వేయండి. అసలు తీరిపోయి ఉంటే నోటు వాళ్ల ఇంటికి తీసుకెళ్లి చేతికివ్వండి. బీరువాలో ఉంది రేపిస్తానని చెప్పకండి.